యాకుమో 273: ప్రయాణం అదే 3 గంటలైతే 1,600 కోట్ల యెన్లు దేనికి?

ఎర్రసిగ్నల్ (హైదరాబాద్)

షింకాన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) మీద ఇక్కడ ఇప్పటికే బోలెడు చర్చలు నడిచాయి, దాని జోలికి పోను. నా ప్రశ్న జపాన్‌లో మామూలు పట్టాల మీద, అంటే 1,067 మి.మీ. గేజ్ మీద తిరిగే ఎక్స్‌ప్రెస్ గురించి.

ఒకాయామా నుంచి ఇజుమో వెళ్ళే యాకుమో సర్వీసులోకి జేఆర్ వెస్ట్ రైల్వే కంపెనీ 2024 ఏప్రిల్ 6న 273 సిరీస్ బండ్లు దించింది. జూన్ 15 నుంచి రోజూ నడిచే 15 జతల సర్వీసులూ వీటితోనే. 4 పెట్టెల సెట్లు 11, అంటే 44 పెట్టెలు. ఖర్చు సుమారు 1,600 కోట్ల యెన్లు. వీటికి ముందు అక్కడ నడిచినవి 381 సిరీస్. 1982 జులైలో ఆ లైన్లో కరెంటు బండ్లు మొదలైన నాటి నుంచీ అవే.

పాత బండి టాప్ స్పీడ్ గంటకి 120 కి.మీ. కొత్తదీ 120. దూరం 220 కి.మీ., పాతది సుమారు 3 గంటలు తీసుకునేది, కొత్తదీ అంతే. మన దగ్గర కొత్త బండి వస్తే మొదట అడిగేది ‘ఎంత టైమ్ తగ్గింది’ అనే కదా. అక్కడ ఎవరూ అడగలేదా? రంగు మార్చి, సీట్లు మార్చి, చార్జింగ్ పాయింట్లు పెట్టడానికి ఇంత డబ్బా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పుష్‌పుల్ (కాచిగూడ)

రంగు మాత్రం అదిరింది. ఇత్తడి బిందెని చింతపండుతో తోమినట్టుంది. ఇంతకుమించి నాకు తెలియదు, చదువుతూ ఉంటా.

కురాషికి కాపు (కురాషికి, జపాన్)

ఎర్రసిగ్నల్ అన్నా, నేను ఉండేది ఆ లైను మీదే. షాపింగ్‌కీ, గుడికీ, ఆఫీసు పనికీ యోనాగో వైపు వెళ్ళాలంటే ఇదే బండి. అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు ఇది: ఇక్కడి జనం ‘ఎంత టైమ్ తగ్గింది’ అని అడగలేదు, ‘కడుపులో తిప్పడం తగ్గిందా’ అని అడిగారు.

381 పేరు చెబితే ఈ ప్రాంతంలో చాలామందికి గుర్తొచ్చేది వాంతులే. అతిశయోక్తి కాదు, ఆ బండిలో వాంతి కవర్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవాళ్ళు. విమానంలో సరే, రైల్లో అవి ఎక్కడైనా చూశారా? ఈ బండి నడిచే హకుబి లైను కురాషికి దాటాక తకహాషి నది వెంట కొండల్లోకి దూరుతుంది. నది ఎటు తిరిగితే పట్టా అటు. నీమి దాటాక కొండ ఎక్కి అవతల యోనాగో వైపు దిగాలి. నేరుగా ఉన్న పట్టా తక్కువ. ఆ వంపుల్లో వేగంగా వెళ్ళడానికే పెట్టె పక్కకి వాలే బండి తెచ్చారు. వాలడం వల్ల టైమ్ కలిసొచ్చింది, కడుపు చెడింది.

273లోనూ పెట్టె వాలుతుంది. ఎప్పుడు వాలాలో దానికి తెలుసు, తేడా అంతా అక్కడే. ఖర్చంతా దానికేనని అనను, ఆకర్షణ మాత్రం అదే.

బిట్రగుంట బాబాయ్ (నెల్లూరు జిల్లా)

నేను పట్టాల పనిలో చేసి రిటైరైనవాణ్ణి. బండి సంగతి మీరు చెప్పండి, పట్టా సంగతి నేను చెబుతా.

మలుపులో బయటి పట్టాని లోపలి పట్టా కంటే ఎత్తులో వేస్తాం. దాన్ని మేం క్యాంట్ అంటాం. మన బ్రాడ్ గేజ్‌లో ముఖ్యమైన రూట్లలో 165 మి.మీ. దాకా ఇస్తారు. జపాన్ చిన్న గేజ్‌లో మామూలుగా 105 మి.మీ.కి మించదు. క్యాంట్ ఎంత ఎక్కువిస్తే వేగంగా వెళ్ళే బండికి అంత సుఖం. మరి అదే పట్టా మీద గూడ్సు బండి మెల్లగా వెళితే? బరువంతా లోపలి పట్టా మీద పడి అది నలిగిపోతుంది. సిగ్నల్ లేక మలుపులోనే ఆగితే ఇంకా తంటా. కాబట్టి పట్టాని ఎక్స్‌ప్రెస్ కోసమే వంచలేం. పట్టా వంగనన్న చోట పెట్టెనే వంచుదాం అన్నదే ఈ ఏర్పాటు వెనకున్న ఆలోచన.

అక్కడ ఎంత వాలుతుందో ఎవరైనా చెబితే మిగతాది చెబుతా.

లెక్కల లలిత (తిరుపతి)

5 డిగ్రీలు, బాబాయ్ గారూ. లెక్క నేను వేసి పెడతాను, ఒక ఉదాహరణ తీసుకుందాం.

400 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, బండి వేగం గంటకి 100 కి.మీ. అనుకోండి. అంటే సెకనుకి 27.8 మీటర్లు. వర్గం చేసి 400తో భాగిస్తే 1.93. మనల్ని బయటికి నెట్టే త్వరణం అది. 105 మి.మీ. క్యాంట్ అందులో సుమారు 0.97 తీసేస్తుంది. మిగిలింది 0.96, అంటే గురుత్వాకర్షణలో దాదాపు పదో వంతు. నిలబడ్డవాడు తూలిపడే స్థాయి, కాఫీ ఒలికే స్థాయి. పెట్టె 5 డిగ్రీలు వాలితే ఇంకో 0.85 పోతుంది. చివరికి ప్రయాణికుడికి తెలిసేది 0.11. అసలు తెలియనట్టే.

కాగితం మీద 381 కూడా ఇదే లెక్క. దానికీ 5 డిగ్రీలే. మరి దానిలో ఎందుకు తిప్పేది అన్నదే అసలు ప్రశ్న.

వైజాగ్ వాణి (విశాఖపట్నం)

నమస్తే అందరికీ. నేను మామూలుగా చదివి వెళ్ళిపోయేదాన్ని, ఈసారి అవసరం పడింది. ఏప్రిల్‌లో అమ్మానాన్నలతో జపాన్ వెళ్తున్నాం. మా తమ్ముడు ఒసాకాలో ఉంటాడు. ఇజుమో గుడి చూపిస్తానంటున్నాడు, బండి ఈ యాకుమోనే. మా అమ్మకి పాడేరు ఘాట్ ఎక్కాలంటేనే టెన్షన్, అల్లం మురబ్బా లేనిదే కదలదు. పైన రాసింది చదివితే నాకే భయం వేస్తోంది. కొత్త బండిలో నిజంగా ఇబ్బంది ఉండదా?

కురాషికి కాపు

వాణి గారూ, అమ్మగారికి ఆ పాత బండి ఎదురుపడదు. యాకుమో సర్వీసు మొత్తం ఇప్పుడు 273తోనే. సీటు ఎక్కడ తీసుకోవాలో కింద వివరంగా రాస్తాను, ముందు లలిత గారి ప్రశ్న తేలనివ్వండి.

బిట్రగుంట బాబాయ్

లలితమ్మా, లెక్క బాగా వేశావు. పాత బండిలో ఎందుకు తిప్పేదో నాకు తోచింది చెబుతా, తప్పుంటే దిద్దు.

381 పెట్టె బోగీల మీద, అంటే కింద చక్రాలుండే చట్రాల మీద, రోలర్ల సాయంతో ఊగుతుంది. మోటారు లేదు, గాలి గొట్టం లేదు. ఊగే కేంద్రం పైన, బరువు కింద. మలుపు బలం తగిలితే పెట్టె అడుగు భాగం బయటికి జరిగి, పైభాగం లోపలికి వాలుతుంది. బరువు కిందే ఉండాలని ఏసీ యూనిట్లు కూడా కప్పు మీద కాకుండా నేల కింద పెట్టారు. చూడటానికి తెలివైన ఏర్పాటే. అయితే రోలర్లకి రాపిడి ఉంటుంది. బలం కాస్త పోగయ్యేదాకా పెట్టె కదలదు. కదిలాక ఒక్కసారిగా వాలుతుంది. మలుపు అయిపోయాక వెనక్కి రావడమూ అంతే, ఆలస్యంగా, ఒక్క ఊపున.

లెక్కల లలిత

అదే బాబాయ్ గారూ, దిద్దడానికేం లేదు. నేనొక్క ముక్క కలుపుతాను.

నేరు పట్టా నుంచి మలుపులోకి ఒక్కసారిగా వెళ్ళరు. మధ్యలో వంపు కొద్దికొద్దిగా పెరిగే ముక్క ఉంటుంది, ట్రాన్సిషన్. పెట్టె వాలడం సరిగ్గా ఆ ముక్కలోనే మొదలై, ఆ ముక్కలోనే పూర్తి కావాలి. 100 కి.మీ. వేగంలో అర సెకను ఆలస్యమైతే బండి 14 మీటర్లు ముందుకెళ్ళిపోతుంది. ట్రాన్సిషన్ ఉండేదే కొన్ని పదుల మీటర్లు. అంటే ప్రయాణికుడు ముందు బయటికి తూలతాడు, తర్వాత సీటు తన కింద నుంచి పక్కకి ఒరుగుతుంది. నేను పైన లెక్కించిన 0.96 ముందు తగిలి, ఆ తర్వాత 0.11కి పడిపోతుంది. ఎడమకో మలుపు, వెంటనే కుడికో మలుపు వస్తుంటే ఇదంతా నెమ్మదైన ఊపులా తయారవుతుంది.

మన లోపలి చెవికి గిట్టనివి సరిగ్గా అలాంటి ఊపులే. సెకనుకి సగం ఊపు కంటే నెమ్మదిగా సాగేవి. ఓడలో తల తిరిగేది అందుకే. గడగడమని అదిరే ఎర్రబస్సులో నడుం పోతుంది గానీ ఆ అదురుకి వాంతి రాదు.

ఎర్రసిగ్నల్

బాగుంది, ఇది నాకు కొత్త. అయితే అడుగుతున్నా, పెట్టెని ముందే వాలించడం కొత్త సంగతి కాదుగా? పక్క ద్వీపం రైల్వే జేఆర్ షికోకు వాళ్ళ 2000 సిరీస్ డీజిల్ బండి 1989లోనే కంట్రోల్‌తో వాలింది. యాకుమోకి ఆ పని చేయడానికి 2024 దాకా ఎందుకు ఆగారు? ఇక 273లో కొత్త ఏముంది?

కురాషికి కాపు

ఆగడానికి కారణం పాత బండి బతికి ఉండటం, అంతే. 381లు అప్పటికింకా నడుస్తూనే ఉన్నాయి, మార్చాలంటే అన్నీ ఒకేసారి మార్చాలి. జపనీస్ నేషనల్ రైల్వేస్ (జేఆర్ కంపెనీలకి ముందున్న ప్రభుత్వ రైల్వే) కాలం కరెంటు ఎక్స్‌ప్రెస్ బండ్లలో రోజువారీ సర్వీసులో చివరిదాకా మిగిలినవి ఇవే. పోయేముందు 2022లో ఒక సెట్‌కి ఆ కాలం నాటి క్రీము, ఎరుపు రంగులు వేసి తిప్పారు. కెమెరాలు పట్టుకున్నవాళ్ళు నది గట్టు మీద బారులు తీరేవారు. వాంతి బండి అని తిట్టినవాళ్ళే వీడ్కోలు చెప్పడానికీ వచ్చారు.

కొత్త ఏముందంటే, 1989 పద్ధతిలో బండికి తానెక్కడుందో ఎలా తెలుస్తుందో చూడాలి. పట్టాల మధ్య ఏటీఎస్ (బండిని తనంతట ఆపే భద్రతా ఏర్పాటు) డబ్బాలు ఉంటాయి కదా, వాటి మీదుగా వెళ్ళినప్పుడు ‘ఫలానా చోటికి వచ్చాను’ అని తెలుస్తుంది. అక్కడి నుంచి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటూ పోతుంది. మలుపుల చిట్టా దాని దగ్గర ఉంటుంది. మలుపు దగ్గరపడగానే గాలి సిలిండరు పెట్టెని మెల్లగా తోస్తుంది. మిగతా పని మలుపు బలమే చేస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, చక్రం జారొచ్చు, అరిగి చిన్నదవచ్చు. లెక్క కొన్ని మీటర్లు తప్పితే లలిత గారు చెప్పిన అర సెకను తేడా మళ్ళీ వస్తుంది.

273లో బండి తాను ఇప్పుడు తిరుగుతున్న వంపు ఎంతో నడుస్తూనే కొలుచుకుంటుంది. దాన్ని తన దగ్గరున్న మలుపుల చిట్టాతో ఆపకుండా పోల్చి చూసుకుంటూ ఉంటుంది. కాబట్టి ఎక్కడున్నానన్న లెక్క ఎప్పటికప్పుడు సరి అవుతుంది, కింద పట్టాల మధ్య డబ్బా కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. రైల్వే టెక్నికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, కవాసాకి, జేఆర్ వెస్ట్ కలిసి చేశాయి. జపాన్‌లో దీన్ని సర్వీసులో పెట్టింది ఈ బండికే మొదట. తల తిరగడాన్ని కొలిచే సూచీ గరిష్ఠంగా 23 శాతం మెరుగైందని జేఆర్ వెస్ట్ ప్రకటించింది.

ఘాట్ రోడ్డులో డ్రైవర్‌కి వాంతి రాదు, వెనక సీటువాడికి వస్తుంది. ముందున్న మలుపు డ్రైవర్‌కి తెలుసు కాబట్టి ఒళ్ళు ముందే సర్దుకుంటుంది. పాత బండి వెనక సీటువాడు. కొత్త బండి డ్రైవర్.

పుష్‌పుల్

ఆఖరి రెండు వాక్యాలు చాలు, టికెట్ కొనేస్తా.

సీటుకవరు (బెంగళూరు)

అందరూ కింద బోగీల దగ్గరే ఉండిపోయారు, నేను పైకి వస్తాను. నేను ఇంటీరియర్ డిజైన్ చేసేదాన్ని, ఈ బండి మీద నాకు మనసు.

దీని డిజైనర్ కవానిషి యసుయుకి. అదే జేఆర్ వెస్ట్‌కి ‘వెస్ట్ ఎక్స్‌ప్రెస్ గింగా’ చేసింది కూడా ఆయనే. గింగా పాత లోకల్ బండిని మార్చి చేసిన టూరిస్టు బండి. యాకుమో అలా కాదు, రోజూ ఆఫీసుకి వెళ్ళేవాడూ ఎక్కాలి, పెళ్ళికి వెళ్ళే ముసలమ్మా ఎక్కాలి. ఆ బరువు ఈ డిజైన్‌లో కనిపిస్తుంది. మామూలు సీట్ల గుడ్డ మీద జనపాకు నమూనా, గ్రీన్ కారులో (అక్కడి ఫస్ట్ క్లాసు) తాబేటి చిప్ప నమూనా. రెండూ అక్కడి పాత నేత గుడ్డల మీద ఉండే శుభ చిహ్నాలే. మెరుపుల్లేవు.

నాకు నచ్చింది మాత్రం 1వ పెట్టెలోని సెమీ కంపార్ట్‌మెంట్. అడ్డంగా చిన్న గోడలు, మధ్యలో బల్ల, ఇద్దరికి ఒకటి, నలుగురికి ఒకటి. ఎదురెదురుగా కూర్చోవచ్చు. దీనికి అదనపు చార్జీ లేదు, మామూలు రిజర్వుడు సీటు ధరే! మామూలుగా కంపెనీలు ఇలాంటిది కనిపెట్టగానే పైన ఇంకో ధర అతికిస్తాయి. గ్రీన్ కారు సీట్లున్న పెట్టెలోనే దీన్నీ పెట్టి, ధర మాత్రం మామూలుదే ఉంచడం నాకు పెద్ద సంగతిగా అనిపించింది.

కురాషికి కాపు

సీటుకవరు గారు చెప్పిన ఆ కంపార్ట్‌మెంట్‌లో మేం కుటుంబంతో వెళ్ళాం. ఒకటి గమనించాను, రాస్తాను.

బల్ల మీద సగం తాగిన నీళ్ళ సీసా ఉంది. బిచ్చు-తకహాషి దాటాక కిటికీలోంచి చూస్తే నది, అవతలి గట్టు, ఇళ్ళ కప్పులు అన్నీ పక్కకి ఒరిగిపోయాయి. సీసాలో నీళ్ళు మాత్రం బల్లకి సమంగానే ఉన్నాయి. మళ్ళీ నేల సమంగా అయింది, వెంటనే ఇంకో వైపు ఒరిగింది. నీళ్ళు అలాగే ఉన్నాయి. మా పాప కాసేపు దాన్నే చూసి, సీసాని పడుకోబెట్టి దొర్లుతుందేమో అని చూసింది. దొర్లలేదు, కాస్త అటూ ఇటూ కదిలి ఆగింది. మలుపు మొదలయ్యే చోట ఒక చిన్న కదలిక తెలుస్తుంది, అబద్ధం చెప్పను. లేచి బాత్రూముకి వెళ్ళేటప్పుడు సీటు మూలనున్న పిడి పట్టుకునే నడవాలి. ఫోన్‌లో చదువుకుంటూ కూర్చుంటే కొందరికి ఇప్పటికీ తల బరువెక్కుతుంది. 23 శాతం తగ్గిందంటే మిగతాది ఉన్నట్టే కదా.

బిట్రగుంట బాబాయ్

తమ్ముడూ, ఆ సీసా ముక్క బాగుంది. నాకు ఇంకో సందేహం. పెట్టె 5 డిగ్రీలు వాలితే కప్పు మీదుండి తీగ నుంచి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ ఎక్కడికి పోతుంది? పైన తీగ అక్కడే ఉంటుంది, ఇది పక్కకి జరుగుతుంది. తీగ వదిలేస్తే బండి ఆగుతుంది, తీగ తెగితే లైనే ఆగుతుంది.

కురాషికి కాపు

సరైన చోట పట్టుకున్నారు బాబాయ్. జపాన్‌లో దీనికి రెండు మూడు దారులున్నాయి. షికోకు 8000 సిరీస్‌లో పాంటోగ్రాఫ్‌ని బోగీకి తీగలతో కట్టేశారు. పెట్టె వాలినా పాంటోగ్రాఫ్ పట్టాకి నిటారుగానే ఉంటుంది. టోక్యో నుంచి మాత్సుమోతో వెళ్ళిన పాత ఇ351లో బోగీ మీంచే ఒక చట్రం లేపి దాని మీద పాంటోగ్రాఫ్ నిలబెట్టారు. 381కి అలాంటివేం లేవు, కప్పు మీదే ఉంటుంది, పెట్టెతోపాటే వాలుతుంది. అందుకే 1982లో ఈ లైనుకి తీగ వేసేటప్పుడే ఆ బండిని లెక్కలో పెట్టుకుని వేశారు.

ఎర్రసిగ్నల్

ఇంత తంటా ఎందుకు, ఎయిర్ స్ప్రింగ్ పద్ధతి ఉందిగా? పెట్టె కింద రెండు పక్కలా గాలి నింపిన స్ప్రింగ్‌లుంటాయి, ఒక పక్క దానిలో గాలి పెంచితే పెట్టె వాలుతుంది. రోలర్లు లేవు, మెయింటెనెన్స్ తక్కువ. మీరన్న ఆ ఇ351 స్థానంలో 2017 డిసెంబర్‌లో వచ్చిన ఇ353 అలాంటిదే. వాలేది 1.5 డిగ్రీలే అయినా 130తో పోతోంది. ఎన్700 షింకాన్‌సెన్ కూడా 1 డిగ్రీ ఇలాగే వాలుతుంది. జేఆర్ వెస్ట్ ఆ దారిలో పోతే డబ్బు మిగిలేది కాదా?

లెక్కల లలిత

1.5 డిగ్రీలకి పోయేది సుమారు 0.26 మాత్రమే. నా ఉదాహరణలో 0.96లోంచి 0.26 తీసేస్తే 0.70 మిగులుతుంది. ఆ మలుపులో వేగం తగ్గించక తప్పదు. మలుపులు పెద్దవిగా ఉండే లైనుకి సరిపోతుంది.

కురాషికి కాపు

దీన్ని షికోకులో చేసి చూశారు కూడా. 2017లో జేఆర్ షికోకు 2600 సిరీస్ అని ఎయిర్ స్ప్రింగ్ డీజిల్ బండి తయారు చేసింది. పాత 2000ల స్థానంలో అన్ని లైన్లకీ ఇదే పెట్టాలని ఆలోచన. తీరా అక్కడి దోసన్ లైన్లో నడిపి చూస్తే అక్కడి మలుపులు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వస్తాయి. ప్రతి మలుపుకీ గాలి నింపడం, వదలడం, మళ్ళీ నింపడం. కంప్రెసర్ అంత గాలి అందివ్వలేదని తేలింది. 2600లని కొద్ది పెట్టెలతో ఆపేసి, మళ్ళీ పెండ్యులమ్ పద్ధతికే, అంటే యాకుమోలోలా పెట్టె ఊగి వాలే పద్ధతికే వచ్చి 2019లో 2700 సిరీస్ దించారు. హకుబి లైను కూడా ఆ బాపతే. పక్క ద్వీపంలో జరిగింది చూశాక ఎవరూ ఆ దారి పట్టరు.

నగోయా నుంచి నగానో వెళ్ళే షినానోకి కూడా జేఆర్ సెంట్రల్ 385 సిరీస్ తెస్తామని ప్రకటించింది. అందులోనూ పెండ్యులమే, జైరో సెన్సార్‌తో. కాబట్టి మలుపులున్న లైన్లకి దారి ఇదేనని అక్కడ దాదాపు ఖాయమైనట్టే.

పుష్‌పుల్

మరి మన వందే భారత్‌కి పెడతామన్నారుగా వాలే బోగీలు? 2022లో పేపర్లో చదివా, 100 బండ్లని. సికింద్రాబాద్ - వైజాగ్ దానికి పెడితే...

మోడరేటర్

వందే భారత్ చర్చకి వేరే శీర్షిక ఉంది. ఇక్కడ మొదలుపెడితే ఎక్కడ తేలతామో అందరికీ తెలుసు. యాకుమో దగ్గరే ఉండండి.

వైజాగ్ వాణి

మోడరేటర్ గారూ, ఒక్కటి అడిగి ఆపేస్తాను, దీనికి జపాన్‌తో సంబంధం ఉంది. మా అరకు లైను కూడా మలుపులు, 58 సొరంగాలు. అక్కడ ఇలాంటి బండి వస్తే ఎలా ఉంటుంది?

బిట్రగుంట బాబాయ్

సంబంధం ఉంది అమ్మా, నువ్వనుకున్న దానికంటే ఎక్కువ. ఆ కొత్తవలస - కిరండూల్ లైను 1960ల్లో వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి.

వాలే బండి మాత్రం అక్కడ దండగ. ఆ లైను ఖనిజం మోసే గూడ్సు బండ్ల కోసం పుట్టింది. కొండ వాలు మీద ప్యాసింజర్ బండీ మెల్లగానే పోతుంది. లలితమ్మ లెక్కే తీసుకో, బయటికి నెట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 100 మీద ఉన్నదానికి 40 మీద ఆరో వంతు కూడా ఉండదు. అంత కొంచాన్ని ఉన్న క్యాంటే చూసుకుంటుంది. మీ అమ్మకి పాడేరు ఘాట్‌లో తిప్పుతుందేమో గానీ అరకు రైల్లో తిప్పదు, అడిగి చూడు. 80 నుంచి 110 దాకా పోగలిగే మలుపులుంటేనే ఈ ఖర్చుకి అర్థం.

వైజాగ్ వాణి

అడిగాను బాబాయ్ గారూ. అరకు రైల్లో అమ్మకి ఎప్పుడూ ఏం కాలేదట. ‘రైలంటే రైలే, బస్సంటే బస్సే’ అంది.

ఎర్రసిగ్నల్

అందరి మాటా విన్నాక కూడా టైమ్ సంగతి వదలను. వంపుల్లో అంత సాఫీగా పోగలిగితే, ఆ సుఖంలో కొంత వదులుకుని వేగం పెంచొచ్చుగా? 3 గంటలు 2 గంటల 40 నిమిషాలైతే ఎవరు వద్దంటారు?

కురాషికి కాపు

అన్నా, కురాషికి నుంచి బిచ్చు-తకహాషి దాకా డబుల్ లైను. ఆ పైన కొద్ది ముక్క తప్పితే సింగిల్ లైనే. గంటకి ఒక యాకుమో ఇటు, ఒకటి అటు, మధ్యలో లోకల్ బండ్లు, గూడ్సు. ఇవి కాక టోక్యో నుంచి వచ్చే సన్‌రైజ్ ఇజుమో స్లీపర్ కూడా ఈ దారినే. ఎదురు బండి స్టేషన్లోకి వచ్చేదాకా నిలబడాలి. మీరు రెండు నిమిషాలు ముందొచ్చినా ఆ రెండు నిమిషాలు ప్లాట్‌ఫారం మీదే గడుస్తాయి. దానికి తోడు ఒకాయామాలో షింకాన్‌సెన్ రాకకి జత చేసిన టైమ్‌టేబుల్. వేగం పెంచాలంటే బండి కాదు, రెండో పట్టా కావాలి. కొండల్లో రెండో పట్టా ఖరీదు ముందు 1,600 కోట్ల యెన్లు ఏ మూలకి?

ఇంకోటి. ఈ బండికి పోటీ విమానం కాదు, యోనాగో వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ వే. కారులో వెళ్ళేవాడు టైమ్ చూసి రైలెక్కడు. దారిలో ల్యాప్‌టాప్ తీసి పని చేసుకోగలనా, పిల్లలకి తల తిరుగుతుందా అని చూస్తాడు. 381లో ఆ రెండింటికీ జవాబు చెప్పలేకపోయేవాళ్ళు. ఇప్పుడు ప్రతి సీటుకీ ప్లగ్ పాయింట్ ఉంది, వైఫై ఉంది, పెద్ద సూట్‌కేసులకి చోటుంది, వీల్‌చైర్ స్థలం పెరిగింది.

ఎర్రసిగ్నల్

సింగిల్ లైను అని ముందే చెబితే ఈ శీర్షికే పెట్టేవాణ్ణి కాదు కదా బాబూ. సరే, లెక్క చూసుకున్నా, పెట్టెకి సుమారు 36 కోట్ల యెన్లు పడింది. కంట్రోల్ పరికరాలన్నీ కలిపి అంటే మరీ ఎక్కువేం కాదు. అయినా నేను మంత్రినైతే రెండో పట్టా కూడా వేయిస్తా.

సీటుకవరు

మంత్రి గారూ, 2025 బ్లూ రిబ్బన్ ప్రైజు కూడా దీనికే వచ్చింది. జపాన్ రైలు అభిమానుల సంఘం ఏటా ఇచ్చేది. ఏడాది ముందు అది తోబు రైల్వే వాళ్ళ స్పేసియా ఎక్స్‌కి వచ్చింది, ప్రైవేటు గదులు, కెఫే ఉన్న, నిక్కో ఊరికి వెళ్ళే బండి. దాని పక్కన పెడితే యాకుమోలో చూపించుకోవడానికి పెద్దగా ఏం లేదు. కెఫే లేదు, లాంజ్ లేదు. అయినా ఇచ్చారు, నాకు ముచ్చటేసింది.

కురాషికి కాపు

వాణి గారూ, మీ అమ్మగారి కోసం.

యాకుమోలో 2024 మార్చి నుంచి అన్నీ రిజర్వుడు సీట్లే, టికెట్ లేకుండా ఎక్కి వెతుక్కునే పని పెట్టుకోవద్దు. మీరు నలుగురు కాబట్టి సెమీ కంపార్ట్‌మెంట్ ప్రయత్నించొచ్చు. అయితే అందులో ఇద్దరు వెనక్కి తిరిగి కూర్చోవాలి. అమ్మగారిని బండి వెళ్ళే దిక్కుకి మొహం ఉండేలా కూర్చోబెట్టండి. అది దొరక్కపోతే మామూలు పెట్టెలో మధ్య వరుసలు తీసుకోండి, చక్రాల మీదుండే చివరి వరుసలు వద్దు. ఫోన్ చూడనివ్వకండి, దూరంగా కొండల వైపు చూడమనండి.

ఇజుమో వెళ్ళేటప్పుడు కుడి వైపు కిటికీ. యోనాగోకి ముందు దైసెన్ కొండ ఆ వైపే కనిపిస్తుంది, మబ్బు లేకపోతే. మాత్సుఎ దాటాక షింజి సరస్సు కూడా కుడి వైపే, చాలాసేపు పక్కనే ఉంటుంది. బండిలో తినడానికి ఏమీ అమ్మరు, ఒకాయామాలోనే కొనుక్కోవాలి.

వైజాగ్ వాణి

చాలా థాంక్స్ అండీ. తమ్ముడికి ఇదంతా పంపించాను, కంపార్ట్‌మెంట్‌కే ప్రయత్నిస్తానన్నాడు. ఒకాయామాలో శాకాహారం దొరుకుతుందా? నాన్న గుడ్డు కూడా ముట్టరు.

కురాషికి కాపు

స్టేషన్లో పేరున్న డబ్బా భోజనం మాత్సురిజుషి, అందులో చేపలు, రొయ్యలు. మీకు పనికిరాదు. కన్వీనియన్స్ స్టోర్‌లో ఉమే ఊరగాయ పెట్టిన అన్నం ముద్ద అడగండి, ఒనిగిరిల్లో మీకు కాస్త భయం లేనిది అదే. అయినా వెనక రాసిన దినుసులు తమ్ముడి చేత చదివించండి, చేప రసం ఎక్కడెక్కడ కలుపుతారో చెప్పలేం. పళ్ళు కొనుక్కోండి. అన్నిటికంటే మేలు, పొద్దున్నే తమ్ముడింట్లో పులిహోర కలుపుకుని తెచ్చుకోండి. ఎక్స్‌ప్రెస్ బండ్లలో అందరూ డబ్బాలు విప్పుకుని తినేవాళ్ళే, ఎవరూ ఏమీ అనుకోరు.

పుష్‌పుల్

ఇంగువ తక్కువ వేయించండి.